నేలవేము జాడీలు

మా రొయ్యల చెరువుకీ హైషెంగ్ అన్న చెరువుకీ మధ్య ఉన్నది ఒకే గట్టు. ఆ గట్టు మీద తిరుగుతూనే రుయ్‌ఫెన్ వదిన కాపురం మొదటి నుంచీ చూశాను. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆమెను ఊళ్ళో ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. శుయ్‌వెన్ టౌను బస్టాండు పక్కన ఆమె తండ్రికి కషాయాల కొట్టు ఉండేది. జ్వరానికీ, గొంతు నొప్పికీ, కడుపులో మంటకీ రకరకాల ఆకులు కాచి గ్లాసుల్లో పోసి అమ్మేవాడు. అందుకని అత్తగారు ఆమెకు 'కషాయాల పిల్ల' అని పేరు పెట్టింది. ఊరంతా అదే పట్టుకుంది.

అత్తగారి నోటికి జడవని వాళ్ళు లేరు. పోయిన మొగుణ్ణి కూడా ఆవిడ సమాధి దగ్గర నిలబడి తిట్టేది. హైషెంగ్ ఆవిడకు ఒక్కడే కొడుకు, మెత్తని మనిషి. కళ్ళెదుట ఎవరైనా బాధపడుతుంటే చూడలేడు. చూడలేక ఓదార్చడు, ఆ చోటు వదిలి లేచిపోతాడు. చిన్నప్పటి నుంచీ అంతే.

ఆ రోజుల్లో రొయ్యలకు పేగు జబ్బు పట్టుకుంది. నీటి మీద రొయ్యల మలం తెల్లటి దారప్పోగుల్లా తేలితే మాకు గుండె జారిపోయేది. మేత తిన్నాయో లేదో తెలియడానికి నీటిలో ఉంచే చెక్ ట్రే పైకి తీసి చూస్తే రొయ్య వీపులో నల్లగా కనిపించాల్సిన పేగు గీత ఖాళీగా ఉండేది. తల భాగం పాలిపోయేది. కొద్ది రోజులకే అడుగున కుప్పలు. అంతకుముందైతే మేతలో యాంటీబయాటిక్ పొడి కలిపేవాళ్ళం. విదేశాలకు పంపే ఫ్యాక్టరీలు ఆ మందు ఆనవాళ్ళున్న సరుకును ముట్టుకోం అనేసరికి మానేశాం. మానేశాక చెరువుల్ని దేవుడి మీద వదిలేయడం తప్ప మాకు ఇంకేం చెయ్యాలో తెలియలేదు.

"మనిషికి పేగు పుండు పడితే మా నాన్న నేలవేము ఇస్తాడు. రొయ్యకీ ఉన్నది పేగేగా?" అంది రుయ్‌ఫెన్ ఒక పొద్దున గట్టు మీద.

హైషెంగ్ నవ్వాడు. అత్తగారు మాత్రం ఇంటి గుమ్మం దగ్గర నుంచే అందుకుంది.

"మనుషులు తాగితేనే మూతి అష్టవంకర్లు పోద్ది. రొయ్యలకి పోస్తావంటే? రేపు వాటికి నాడి కూడా చూస్తావేమో!"

రుయ్‌ఫెన్ పుట్టింటికి వెళ్ళొచ్చింది. తండ్రి దగ్గర నుంచి విత్తనం తెచ్చి గట్ల మీద నేలవేము చల్లింది. మొక్క పూతకొచ్చే ముందు కోసి, జామాకూ వెల్లుల్లీ కలిపి దంచి, నల్లబెల్లం నీళ్ళలో నానబెట్టి చూరు కింద జాడీల్లో వరసగా పెట్టింది. ఆ రసం పట్టించిన మేత మొదట వేసినప్పుడు రొయ్యలు నోట పెట్టి వదిలేశాయి. అత్తగారు ఆ ట్రే పట్టుకుని ఇల్లిల్లూ తిప్పి చూపించింది. అప్పుడు వదిన గుడ్డు సొన, కాస్త చేప నూనె కలిపి మేత గుళికలకు పైన పూతలా పట్టించి, నీడలో ఆరబెట్టి వేసింది. ఈసారి తిన్నాయి.

తిన్నా జబ్బు రాక మానలేదు. పంట సగంలో ఉండగా వాళ్ళ చెరువులోనూ తెల్ల పోగులు తేలాయి. ఆ రోజు రుయ్‌ఫెన్ మోకాళ్ళ మీద తల పెట్టుకుని గట్టు మీద ఏడుస్తోంది. మేమంతా అక్కడే ఉన్నాం. అత్తగారు వచ్చింది.

"ఒరే షెంగ్! దీన్ని తీసుకెళ్ళి వాళ్ళ నాన్న కొట్టు ముందు దింపి రారా. చెరువుకి విషం పోసింది చాలు, రేపు నీ గంజిలో పోస్తది."

హైషెంగ్ ఆమెనూ చూడలేదు, తల్లినీ చూడలేదు. మోటారు సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఎప్పటిలాగే పారిపోయాడనుకున్నాను. పొద్దు వాలేలోపు తిరిగొచ్చి, ఏమీ జరగనట్టు మేత కలిపే రేకుల షెడ్డులోకి వెళ్ళాడు.

తర్వాత జరిగింది ఊరంతా కళ్ళారా చూసింది. వారం తిరగకుండా చావులు ఆగాయి. పేగు గీత మళ్ళీ నల్లగా నిండింది. చుట్టుపక్కల చెరువులన్నీ ఎండగట్టుకుని కూర్చుంటే, వాళ్ళ చెరువులో వల లాగడానికి మనుషులు చాలలేదు. రుయ్‌ఫెన్ ఆ వేళ రొయ్యల గంపల మధ్య నిలబడి పిచ్చిదానిలా నవ్వింది. హైషెంగ్ ఆమె నవ్వునే చూస్తూ ఉండిపోయాడు. అతని ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

ఇక జాడీల కోసం జనం క్యూ కట్టారు. నేనూ కట్టాను. మా చెరువూ బాగుపడింది. దాచుకునే మనిషి కాదు కాబట్టి, అడిగిన వాళ్ళకు వదిన తయారీ కూడా చెప్పేది. అలా చెప్పించుకుని ఇంట్లోనే సొంతంగా చేసుకున్న వాళ్ళలో చున్‌తావ్ ఒకతె. మొగుడు తుఫానులో పడవతో సహా పోయాక ఒంటరిగా చెరువు చూసుకుంటున్న మనిషి. పని విషయంలో ఎంత పట్టుదలో మాకందరికీ తెలుసు. కానీ ఆమె చెరువులో రొయ్య ఒక్కటి మిగలకుండా పోయింది.

రొయ్యల రైతుల సొసైటీ మీటింగులో ఆ మాట వచ్చింది.

"నువ్వు చెప్పినట్టే చేశా ఫెన్. ఆకు కూడా నీ గట్టు మీదే కోసుకొచ్చా," అంది చున్‌తావ్.

"చెప్పినట్టే చేస్తే ఎందుకు చస్తాయి వదినా? మా జాడీ తీసుకెళ్ళిన వాళ్ళకి ఎవరికన్నా చచ్చాయేమో అడుగు. నానకముందే తీసుంటావ్. జాడీ సరిగ్గా కడిగుండవ్. చేతికి శుభ్రం ఉండాలి."

జనం నవ్వారు. నేనూ నవ్వాను. పేరొచ్చాక రుయ్‌ఫెన్ మాటలో అలాంటి పదును వచ్చింది. ఆమెను ఎవరూ తప్పు పట్టలేదు, ఎన్నాళ్ళు పడిందో మాకు తెలుసు కనక. చున్‌తావ్ ముఖం ఎర్రబడింది. టీ పోస్తున్న హైషెంగ్ కెటిల్ బల్ల మీద పెట్టేసి బయటికి వెళ్ళిపోయాడు. చున్‌తావ్ ఆ ఏడే చెరువు కౌలుకిచ్చి, రేవులో ఆల్చిప్పలు ఒలిచే పనికి చేరింది.

ఆ తర్వాత నగరం నుంచి ఒక ఫ్యాక్టరీ వాళ్ళు వచ్చారు. 'మందు లేని రొయ్య' అని మా ఊరి సరుకు మొత్తం కొంటామన్నారు. అట్టపెట్టెల మీద నేలవేము కొమ్మ పట్టుకున్న రుయ్‌ఫెన్ ఫొటో వేశారు. ఊరి మొదట్లో, ఊరి కాపలాకని పెట్టిన రాతి కుక్క బొమ్మ పక్కన అదే ఫొటోతో పెద్ద బోర్డు కూడా నిలబెట్టారు. అన్నిటికన్నా విడ్డూరం అత్తగారు మారిపోవడం. చూరు కింద పీట వేసుకుని వెల్లుల్లి ఒలుస్తూ, వచ్చే పోయే వాళ్ళకు కోడలి గొప్ప చెప్పేది.

"నేను అప్పుడే అన్నా, ఈ పిల్ల చేతిలో మహిమ ఉందని. నా మాట ఎవరు విన్నారు?"

రుయ్‌ఫెన్ నావైపు చూసి కన్ను కొట్టేది. నాకు తెలిసి ఆ ఇంట్లో బాగున్న రోజులు అవే.

ఆ ఏడు రొయ్యల పట్టుబడి మంచి జోరు మీద ఉండగా ఫ్యాక్టరీ లారీలు సరుకుతో సహా వెనక్కి వచ్చాయి. పరీక్షలో యాంటీబయాటిక్ దొరికిందట. ఒక చెరువులో కాదు, జాడీలు వాడిన ప్రతి చెరువులోనూ. మత్స్యశాఖ వాళ్ళు జీపుల్లో దిగారు. సొసైటీ పెద్ద వూ దెజాంగ్ చెమటలు కక్కుతూ వాళ్ళ వెనకాలే తిరిగాడు. రుయ్‌ఫెన్ ఒక్కతే బెదరలేదు. చూరు కిందికి తీసుకెళ్ళి మూతలన్నీ తీసింది.

"ఏది కావాలో అది తీసుకోండి సార్. నా చేత్తో దంచింది, నా చేత్తో నానబెట్టింది," అని గరిటెడు రసం తీసి వాళ్ళ ముందే తాగింది. "చేదు తప్ప ఇంకేమన్నా ఉంటే నా పేరు మార్చుకుంటా."

ఆ మందూ చేదే. ఏ చేదు దేనిదో నాలుకకు ఎలా తెలుస్తుంది? కొన్నాళ్ళకు కాగితం వచ్చింది. మందు ఉన్నది జాడీల్లోనే.

దెజాంగ్ కేకలు పెడుతున్నా ఆమె వినిపించుకోలేదు. ఎవరో కావాలని కలిపారంది. ఎవరికి కడుపుమంట అని ఆలోచించింది. ఆలోచించిన మరుక్షణం చెప్పులు కూడా లేకుండా రేవుకు పరిగెత్తింది. నేను వెనకాలే వెళ్ళాను. ఆల్చిప్పల గుట్టల మధ్య, పనివాళ్ళందరి ముందు, చున్‌తావ్ జబ్బ పట్టుకుని లేపింది.

"నీ చెరువు పోయిందని నా మీద పగ పెట్టుకున్నావా? మా ఇంట్లో జొరబడి నా జాడీల్లో కలుపుతావా?"

చున్‌తావ్ చేతిలో ఆల్చిప్పలు తెరిచే కత్తి ఉంది. దాన్ని మెల్లగా గంపలో పెట్టింది.

"నీ ఇంటి గడప తొక్కి ఎన్నాళ్ళయిందో మీ అత్తనడుగు. పిచ్చి పట్టిందా నీకు?"

"నువ్వు కాకపోతే ఇంకెవరు? ఊళ్ళో నన్ను చూసి ఏడ్చేది నువ్వొక్కదానివే!"

నేను బలవంతాన ఆమెను లాక్కొచ్చాను. దారంతా తిడుతూనే వచ్చింది. ఇంటి వాకిట్లో హైషెంగ్ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. రేవు మాట మా కంటే ముందే ఇంటికి చేరినట్టుంది.

"చున్‌తావ్‌ని ఏమీ అనకు. నేనే," అన్నాడు.

రుయ్‌ఫెన్‌కు అర్థం కాలేదు. "నువ్వే ఏంటి?"

"నేనే కలిపా. మొదటి పంటలో. రొయ్యలు చస్తుంటే నువ్వు గట్టు మీద ఏడ్చావే, ఆ రోజు. పక్క ఊళ్ళో పందుల మందుల కొట్టులో ఆ యాంటీబయాటిక్ పొడి దొరికింది. ఒక్కసారికే అనుకున్నా. మన చెరువు గట్టెక్కితే చాలనుకున్నా. తర్వాత ఊరంతా జాడీలు అడిగారు. వాళ్ళ చెరువుల్లో పని చెయ్యకపోతే నీ పరువు పోద్ది. అందుకని నువ్వు సంతకెళ్ళినప్పుడల్లా..."

"ప్రతి జాడీలోనా?"

"ఇంట్లోంచి బయటికెళ్ళిన ప్రతి దాంట్లోనూ."

అత్తగారు వెల్లుల్లి చేట పక్కన పెట్టి లేచి నిలబడింది.  రుయ్‌ఫెన్ మెట్టు దగ్గరికి వచ్చి మొగుడి ముందు కూలబడింది. ఆమె అరవలేదు. గొంతు చాలా తగ్గించి అడిగింది.

"మరి నా మందు? అది పని చేసిందా లేదా?"

"ఏమో ఫెన్. నాకు తెలీదు. అదొక్కటే ఎప్పుడూ వెయ్యనివ్వలేదుగా."

"చున్‌తావ్ చేసుకున్నదాంట్లో నీ పొడి లేదు. నేను అందరి ముందూ దాన్ని అన్నేసి మాటలన్నా. నువ్వక్కడే ఉన్నావ్. టీ పోస్తున్నావ్."

హైషెంగ్ తల వంచుకున్నాడు. "నిన్ను మళ్ళీ ఏడుస్తుంటే చూడలేను," అన్నాడు.

"నా ఏడుపు చూడలేక ఇంత పని చేశావా? నన్ను మీ అమ్మ తిట్టినట్టు తిట్టినా బాగుండేది. ఆ చెరువు అప్పుడే పోయినా బాగుండేది."

మర్నాడు ఆమే అతన్ని సొసైటీ ఆఫీసుకు పంపింది. చేసింది చేసినట్టు చెప్పమంది. అతను చెప్పాడు. మందు కొన్న కొట్టు చెప్పాడు, ఎలా కలిపేవాడో చెప్పాడు. దెజాంగ్ అంతా విని అతని భుజం తట్టాడు.

"పెళ్ళాం మీద ప్రేమ ఉండాల్సిందే షెంగ్. కాదన్నదెవరు? కానీ ఊరంతటికీ తెలుసు, నీకు మేత కలపడం తప్ప ఇంకేదీ చేతకాదని. ఈ తెలివి నీది కాదు. ఎవరిదో నాకూ తెలుసు, నీకూ తెలుసు. దాన్ని నీ నెత్తిన వేసుకోకు."

"నిజంగా నేనే బాబాయ్! ఒట్టు!"

"సరే, సరే. ఇంటికెళ్ళు."

మత్స్యశాఖ వాళ్ళూ అలాగే అన్నారు. జాడీల మీద పేరు ఆమెది, బోర్డు మీద ముఖం ఆమెది. మోసం ఆమెదే అని రాసుకున్నారు. జాడీలన్నీ రోడ్డు మీదికి తెచ్చి పగలగొట్టించారు. కొన్నాళ్ళ పాటు ఆ వీధంతా వెల్లుల్లి కుళ్ళు వాసన. ఆ పంట మా ఎవరి సరుకూ అమ్ముడు పోలేదు. నాదీ పోలేదు. బోర్డు మీద ఫొటోకు ఎవరో పేడ కొట్టారు. నిజం తన చెవులారా విన్న అత్తగారు బావి దగ్గర ఆడవాళ్ళతో ఏమందో తెలుసా? "నా కొడుకు నోట్లో వేలు పెడితే కొరకలేడు. వాడికేం తెలుసు? అంతా ఆ కషాయాల దాని పన్నాగం." వాకిట్లో నేను విన్నది నేను పదిమందికీ చెప్పి చూశాను. గట్టు పక్కన ఉన్నావ్ కాబట్టి వెనకేసుకొస్తున్నావన్నారు.

గొడవ కాస్త చల్లబడ్డాక రుయ్‌ఫెన్ నన్ను తోడు తీసుకుని మళ్ళీ రేవుకు వెళ్ళింది. చున్‌తావ్ ఆమెను చూసి కూడా పని ఆపలేదు. కత్తి గుచ్చి, తిప్పి, చిప్ప తెరిచి, మాంసం గిన్నెలో వేస్తూనే ఉంది.

"వదినా, నువ్వు చేసింది సరిగ్గానే ఉంది. నీ తప్పేం లేదు. ఆ రోజు నేనన్న మాటలూ, మొన్న అన్న మాటలూ..."

"నేను సరిగ్గానే చేశానని నాకు అప్పుడే తెలుసు. నువ్వొచ్చి చెప్పక్కర్లేదు. వెళ్ళి ఊళ్ళో వాళ్ళకి చెప్పు."

"చెప్పా. ఎవరూ నమ్మట్లేదు వదినా."

చున్‌తావ్ అప్పుడు తలెత్తి చూసింది. "ఆఁ. నాకూ అట్లాగే ఉండేది," అని ఇంకో చిప్ప అందుకుంది.

ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు రుయ్‌ఫెన్ నాతో ఒక్క మాటే అంది. తన మందు పని చేస్తుందో లేదో తనకు తెలిసి తీరాలని. పెద్ద చెరువు వెనకాల రొయ్య పిల్లల్ని పెంచే చిన్న గుంటలు రెండున్నాయి. రెండిట్లోనూ ఒకే చోట తెచ్చిన పిల్లలు వేసింది. ఒకదానికి నేలవేము మేత, రెండోదానికి ఉత్త మేత. రుబ్బడం, నానబెట్టడం, ఆరబెట్టడం, వెయ్యడం అన్నీ ఒంటి చేత్తో చేసుకుంది. జాడీ ఉన్న గదికి తాళం వేసి తాళంచెవి మెడలో కట్టుకుంది.

"నువ్వు గట్టెక్కొద్దు," అని హైషెంగ్‌తో చెప్పింది.

అతను ఎక్కలేదు. రోడ్డు మీద నిలబడి చూసేవాడు. వర్షం పడుతున్నా అక్కడే నిలబడేవాడు. నీటికి గాలి పట్టించే ఏరేటరు బెల్టు తెగినప్పుడు కూడా కిందికి దిగకుండా నన్ను పిలిచి పంపాడు.

ఆ సీజన్లో జబ్బు రానే వచ్చింది. రెండు గుంటల్లోనూ వచ్చింది. ఉత్త మేత గుంటలో రొయ్య చాలా మటుకు చచ్చింది. నేలవేము గుంటలోనూ చచ్చింది, కానీ సగానికి పైగా నిలబడింది. వల లాగింది నేనే. చేతిలోకి తీసుకుంటే పెంకు గట్టిగా, పేగు గీత నిండుగా ఉంది. మహిమ ఏమీ కాదు. పడిపోయేవాడికి ఊతకర్రలాంటిది, అంతే. ఆ పొడిలా చావుల్ని వారంలో ఆపేసేది కాదు.

రుయ్‌ఫెన్ రెండు గంపల వైపూ మార్చి మార్చి చూసింది.

"ఇంతే పని చేసేది. ఇంతే చెప్పుండేదాన్ని," అంది. "ఇంత మాత్రం దానికి ఎవడూ ఫొటో వేసేవాడు కాదు. అయితే మాత్రం ఏం? నాది నాకు ఉండేది. మెల్లగా ఒకళ్ళిద్దరు నమ్మేవాళ్ళు. చున్‌తావ్ వదిన చెరువూ పోయుండేదేమో, కానీ ఇద్దరం కూర్చుని ఎందుకు పోయిందో చూసుకునేవాళ్ళం."

ఆ గంపను లారీ దగ్గరికి తీసుకెళ్ళాం. కొనుగోలు చేసే కుర్రాడు రొయ్య చూసి బాగుందన్నాడు. ఎవరి చెరువని అడిగాడు. నేను అబద్ధం చెప్పబోయాను. ఆమె చెప్పనివ్వలేదు. పేరు వినగానే కుర్రాడు చేతులు తుడుచుకున్నాడు.

"పరీక్ష చేయించుకో బాబూ. ఏమీ లేదు," అంది.

"పరీక్ష కూడా అక్కర్లేదక్కా. మీ ఇంటి సరుకు బండెక్కిస్తే నా ఉద్యోగం పోద్ది."

ఇరుగుపొరుగుకు ఊరికే ఇస్తామన్నా తీసుకోలేదు. అత్తగారు వాటిని ఉడకబెట్టి పైకప్పు మీద ఎండబెట్టింది. ఎండబెడుతూ కూడా తిట్టింది.

ఆ తర్వాత వాళ్ళు చెరువు పై ఊరి వాళ్ళకు కౌలుకిచ్చారు. హైషెంగ్ వేట పడవల్లో కూలికి వెళుతున్నాడు. రుయ్‌ఫెన్ అనాసపళ్ళు పెట్టెలకెత్తే షెడ్డులో పని చేస్తోంది. ఇప్పుడు మా ఊళ్ళో మేతలో కలుపుకోవడానికి ఏదో కంపెనీ ఆకుల పొడి పొట్లాలు అమ్ముతోంది. వాటిని తెచ్చిపెడుతున్నది దెజాంగే. అందరూ కొంటున్నారు. లోపల ఏముందో ఎవరూ అడగరు. నేనూ కొంటున్నాను.

వాళ్ళిద్దరూ విడిపోలేదు. తగాదాలూ లేవు. కూర ఏం వండాలో, గొడుగు ఎక్కడుందో మాట్లాడుకుంటారు. మొన్న నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి పొయ్యి మీద గంజి ఉడుకుతోంది. ఆకలి మీద ఉన్నాడేమో, హైషెంగ్ వెళ్ళి గిన్నె మూత తీశాడు. కూరలు తరుగుతున్న రుయ్‌ఫెన్ చెయ్యి ఆగిపోయింది. అతని చేతుల వైపే చూస్తూ ఉంది. అతను మూత మళ్ళీ పెట్టేసి, రెండు చేతులూ ఆమెకు కనిపించేలా పక్కకు వేలాడేసుకుని బయటికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.